ఆ రోజు మన ఊళ్ళో ఏం జరిగింది సార్?

చంద్రగిరి_సోషల్
పదో తరగతికి సోషల్ చెబుతాను. చంద్రగిరి దాటి లోపలికి పోతే వచ్చే ఒక హైస్కూలు. నిన్న మూడో పీరియడ్‌లో 1947 చెప్తున్నా. నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం, ఆగస్టు 15 పొద్దున ఎర్రకోట మీద జెండా, రాడ్‌క్లిఫ్ గీత, పంజాబు రైళ్ళు. బాగానే సాగుతోంది, వెనక బెంచీలు కూడా మెలకువగానే ఉన్నాయి. అంతలో కిటికీ పక్కన కూర్చునే ఒకడు లేచి, "సార్, ఆ రోజు మన ఊళ్ళో ఏం జరిగింది?" అన్నాడు.

నాకు తెలియదు. ఎం.ఏ. హిస్టరీ, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఒక్కసారి కూడా నాకు ఈ అనుమానం రాలేదు. "రేపు చెప్తాలేరా" అన్నా. మేం రేపు చెప్తాం అంటే ఏంటో పిల్లలకు తెలుసు కదా, క్లాసంతా నవ్వింది.

అసలు తంటా ఇంకోటి ఉంది. మా హెడ్‌మాస్టరు గారు బడి గోడ మీద 'దేశాన్ని మలుపు తిప్పిన పది రోజులు' అని రాయిస్తున్నారు. పెయింటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. తేదీలు నేను ఇవ్వాలి. రాత్రి కూర్చుని రాస్తే 1757, 1857, 1885, 1919, 1930, 1942, 1947, 1950, 1975, 1991 వచ్చాయి. ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, లాహోరు అన్నీ ఉన్నాయి. మా గోడ దగ్గర నిలబడి తలెత్తితే కనబడే చంద్రగిరి కొండ మాత్రం ఒక్క చోటా లేదు. మీరైతే ఏ పది పెడతారు?

పాకాల_జంక్షన్
మా ధర్మవరం లైను మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజి అయిన రోజు పెట్టండి. మాకు అంతకు మించిన మలుపు లేదు.

తోతాపురి
మామిడికి గిట్టుబాటు ధర వచ్చిన రోజు. అది ఇంకా రాలేదు, ఒక గడి ఖాళీగా వదలండి.

గ్రూప్2_మూడోసారి
1909, 1919, 1935 చట్టాలు లేకుండా మలుపులేంటి సార్? పరీక్షలో వచ్చేవే అవి. మా కోచింగ్‌లో 1773 నుంచి 1947 దాకా చట్టాలన్నీ పాటలాగా కట్టించారు, నిద్రలో లేపి అడిగినా చెప్తా.

తోతాపురి
నిన్ను నిద్రలేపి రెగ్యులేటింగ్ చట్టం అడిగేది ఎవరబ్బా?

శిలాశాసనం
సోషల్ సార్, ఒక సవరణ. 1947లో నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేసింది ఆగస్టు 16న. 15న సాయంత్రం ఇండియా గేట్ దగ్గర ప్రిన్సెస్ పార్కులో ఎగరేశారు. రాడ్‌క్లిఫ్ గీత బయటపెట్టింది 17న. అంటే 15న జెండాలు ఎగురుతున్నప్పుడు పంజాబులో, బెంగాల్లో సరిహద్దు పక్కన ఉన్న ఊళ్ళకు తాము ఏ దేశంలో ఉన్నామో తెలియదు. అక్కడి మాస్టారిని ఎవడైనా పిల్లాడు "మన ఊరి సంగతేంటి సార్" అని అడిగుంటే ఆయన కూడా "రేపు చెప్తా" అనే అనుంటాడు. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చంద్రగిరి_సోషల్
సిగ్గు అందుకు కాదు, 16 సంగతి తెలియనందుకు. పద్దెనిమిది బ్యాచ్‌లకు 15 అని చెప్పేశా. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు సోషల్ టీచర్లు.

అయివారు_రిటైర్డ్
కళ్ళు సరిగా కనబడవు, ఫోనుకు నోటితో చెప్పి రాయిస్తున్నాను. నెహ్రూ అంటే నేరేడు అని రాస్తోంది, సర్దుకోండి.

1975 సంగతి చెప్తా. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. పుంగనూరు వైపు ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఎమర్జెన్సీ పెట్టిన సంగతి నాకు తెలిసేసరికి నాలుగు రోజులయింది. అదీ సంతలో. చెప్పింది బీడీలు అమ్మే ఆయన. "ఢిల్లీలో పెద్దోళ్ళనందరినీ లోపలేసినారంట అయివారూ" అని, అదే ఊపిరిలో కట్ట రేటు కూడా చెప్పినాడు. పేపరు మా ఊరికి వచ్చేది కాదు, రేడియో రెడ్డిగారింట్లో ఉండేది, అది పాటలకే పెట్టేవాళ్ళు.

మా ఊరికి ఎమర్జెన్సీ వచ్చింది తరవాతి సంవత్సరం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషులను ఒప్పించి పిలుచుకొని రమ్మని మా మీద ఒత్తిడి. నేను ఇద్దరిని పిలుచుకుపోయా. ఒకాయనకు అప్పటికే ఐదుమంది పిల్లలు, ఇష్టంగానే వచ్చినాడు. రెండో అతని సంగతి వద్దులే. ఆయన తమ్ముడు ఈ మధ్య బస్సులో కనబడితే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. యాభై ఏళ్ళయింది.

ఇంకొకటి. 1977లో దేశం తిరగబడింది అని నేనే ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినాను. అదే ఎన్నికలో మన రాష్ట్రం 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఆ మిగిలిన ఒక్కటి నంద్యాల, నీలం సంజీవరెడ్డి గెలిచినాడు. ఆ గోడ మీద 1977 రాసేటట్టయితే ఇది కూడా రాయించు నాయనా.

బెంగుళూరు_బస్సు
42లో 41 అని నాకు బడిలో ఎవరూ చెప్పలేదే!

గ్రూప్2_మూడోసారి
నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఇది బిట్టు, రాసుకోండి.

కోట_గైడు
సార్ ఏ బడో నాకు తెలిసిపోయింది, చెప్పనులే. చంద్రగిరి లేకుండా జాబితా రాస్తే ఊరుకునేది లేదు. నేను రోజూ రాజమహల్ ముందు నిలబడి చెప్పే మాట ఇది: 1639లో ఇంగ్లీషోళ్ళకు మద్రాసు జాగా ఇచ్చింది ఇక్కడే, ఈ మేడలోనే సంతకం పెట్టినారు, ఆ ఒక్క సంతకంతో దేశం పోయింది. అంతదాకా ఎండకు గొడుగులు చూసుకుంటున్నవాళ్ళు కూడా అప్పుడు ఫోన్లు తీస్తారు.

శిలాశాసనం
గైడు గారూ, పట్టా ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు, 1639 ఆగస్టు 22. పుచ్చుకున్నది కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే. చంద్రగిరిలో ఉన్న విజయనగర రాజు వేంకటపతి రాయలు ఆ నాయకుడికి పైన ఉన్న ప్రభువు. మేడలో సంతకం జరిగిందని నేనైతే ఒట్టు వేయను.

'ఆ సంతకంతో దేశం పోయింది' అన్నది మరీ అన్యాయం. ఇచ్చింది సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పట్టీ. అక్కడి నుంచి ప్లాసీకి 118 ఏళ్ళు. 1565లో తళ్ళికోట దగ్గర ఓడి, హంపీ పోగొట్టుకుని, పెనుకొండ మీదుగా చంద్రగిరి చేరిన రాజ్యం అది. రాయల కొలువులో ఆ రోజుకు అదొక చిల్లర కాగితం అయ్యుంటుంది. పన్ను బాకీల గొడవ, మధుర, తంజావూరు, జింజి నాయకుల గొడవ, ఇవీ ఆ రోజుల్లో పెద్ద వార్తలు.

కోట_గైడు
ఒట్టు మీరు వేయకండి సార్, నేను వేస్తా. "చిల్లర కాగితం" అని చెప్తే నాకు చిల్లర కూడా ఇయ్యరు.

పలమనేరు_టీచరమ్మ
నేనూ సోషలే. ముందు నా రోజు చెప్తా, తరవాత చరిత్ర. ఎనిమిదికి బస్సు. బడికి పోగానే ఫోనుకు ముఖం చూపించాలి. సిగ్నల్ లేక అది ముఖం గుర్తుపట్టకపోతే ఆ రోజు నేను బడికి రానట్టే, పిల్లలందరూ సాక్ష్యం ఉన్నా సరే. తరవాత భోజనం ఫోటో, గుడ్ల లెక్క. 2024 దాకా మరుగుదొడ్డి ఫోటో కూడా. సాక్ష్యాలు దొరకడం లేదని శిలాశాసనం లాంటివాళ్ళు బాధపడుతుంటారు కదా, ఇంకో రెండు వందల ఏళ్ళ తరవాత మా కాలం మీద పరిశోధన చేసేవాళ్ళకు మరుగుదొడ్ల ఫోటోలు మాత్రం లక్షల్లో దొరుకుతాయి. అప్పుడు మమ్మల్ని ఏ రకం నాగరికత అంటారో.

వీటన్నిటి మధ్య ఒక పీరియడ్ మిగిలితే నేను హైదరాలీని చెప్తా. 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు. వీపు మీద రాచపుండు. రెండో మైసూరు యుద్ధం నడుస్తోంది, రెండేళ్ళ కిందటే పొల్లిలూరులో ఇంగ్లీషువాళ్ళను చిత్తుగా ఓడించాడు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు వైపు ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే సైన్యం చెల్లాచెదురవుతుందని, శవాన్ని పెద్ద పెట్టెలో పెట్టి, సుగంధ ద్రవ్యాలు నింపి, ఖజానా పోతున్నట్టుగా కాపలా పెట్టి కోలారుకు పంపారు. దండులో మాత్రం నవాబు గారు జబ్బుగా ఉన్నారు అనే చెప్పారు.

కోలారు దారి అంటే మన ఊరి మీదుగానే పోయుంటుంది అని మా పిల్లలు తీర్పు చెప్పేశారు. పుస్తకంలో దారి రాయలేదు అంటే వినరు. ఒకమ్మాయి "మేడమ్, కాపలా వాళ్ళకు వాసన రాలేదా?" అంది. ఆ క్లాసులో ఒక్కరు కూడా మైసూరు యుద్ధాలు తప్పు రాయలేదు ఆ ఏడాది.

గాంధీరోడ్డు_చిత్తూరు
మేడమ్ నరసింగరాయనిపేట అనగానే గుర్తొచ్చింది. నేను చదువుకున్న రోజుల్లో మా సారు 1857 పాఠం మొదలుపెడుతూ, మీరట్ వదిలేయండి, గంటలో పోయి వచ్చే చోట యాభై ఏళ్ళ ముందే జరిగింది అని వేలూరు కోట చెప్పేవారు. 1806 జూలై 10, తెల్లవారక ముందు. సిపాయిలకు కొత్త టోపీ, దానికి తోలు బిళ్ళ, గడ్డం తీసేయాలి, నుదుట బొట్టు ఉండకూడదు. ఆ కోటలోనే టిప్పు కొడుకులను ఉంచారు, ముందు రోజే ఆ కుటుంబంలో పెళ్ళి. వంద మందికి పైగా తెల్ల సిపాయిలు చచ్చారు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ అనే దొర గుర్రపు దళంతో పరిగెత్తుకొచ్చి, అంతకు కొన్ని రెట్లు మన సిపాయిలను చంపాడు. మద్రాసు గవర్నరు బెంటింకును వెనక్కి పిలిచేశారు. ఒక్క పూటలో అయిపోయింది.

మేం ఆస్పత్రి పనికి నెలకోసారి వేలూరు పోతాం. స్కానింగుకు చాలా టైముందంటే కోట చుట్టూ తిరిగొస్తాం. అది మలుపు తిరగబోయి ఆగిపోయిన చోటు. మీ గోడ మీద ఆగిపోయినవాటికి చోటుందా సార్?

తోతాపురి
ఆగిపోయినవి రాస్తే మన జిల్లా ప్రాజెక్టులన్నీ రాయాలి. గోడ చాలదు.

సరిహద్దు_సత్యవేడు
1960 మార్చి 31 రాత్రి మా తాత మద్రాసు రాష్ట్రంలో పడుకుని ఏప్రిల్ 1 పొద్దున ఆంధ్రలో లేచాడు. మంచం అదే, వేపచెట్టు అదే. తిరుత్తణిలో మా అవ్వ పుట్టింటివాళ్ళు ఆంధ్రలో పడుకుని మద్రాసులో లేచారు. పటాస్కర్ అనే మధ్యవర్తి చెప్పిన ప్రకారం రెండు రాష్ట్రాలు పల్లెలు మార్చుకున్నాయి. తిరుత్తణి, పళ్ళిపట్టు అటు పోయాయి. చెంగల్పట్టు జిల్లాలో ఉన్న మా సత్యవేడు వైపు ఇటు వచ్చింది. అంతకు ముందు అరవంవాళ్ళు తిరుపతి కూడా మాదే అని పోరాడారు, మనవాళ్ళు మద్రాసు మనదే అన్నారు. చివరికి ఎవరి కొండ వాళ్ళకు మిగిలింది, మురుగన్ వాళ్ళకు, వెంకన్న మనకు.

మా నాయన మూడో తరగతి దాకా అరవ బడిలో చదివి నాలుగులో తెలుగుకు మారాడు. ఇప్పటికీ పేపరు తెలుగులో చదువుతాడు, చీటీ డబ్బులు మాత్రం అరవంలో లెక్కపెడతాడు. మీ పుస్తకంలో ఈ తేదీ ఉందా?

చంద్రగిరి_సోషల్
లేదు. అయితే మీరు చెప్పినదానికి ఒక ముడి ఉంది. టీచర్స్ డే రోజు ప్రతి ఏడూ నేనే ఉపన్యాసం ఇవ్వాలి కాబట్టి తెలుసు. రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టినప్పుడు అది ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మనది అయింది. ఆయన ఢిల్లీలో ఉపరాష్ట్రపతిగా ఉండగానే 1960లో మద్రాసుకు పోయింది. చిన్నప్పుడు చదివింది తిరుపతి లూథరన్ మిషన్ బడిలో. మనిషి కదలకుండానే ఆయన సొంతూరు మూడు చిరునామాలు మారింది.

పాకాల_జంక్షన్
చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1. తిరుత్తణి పోయింది 1960 ఏప్రిల్ 1. తిరుపతి విడిపోయింది 2022 ఏప్రిల్ 4. మన జిల్లాకు ఏప్రిల్ గండం ఉంది, ఎవరైనా శాంతి చేయించండి.

గ్రూప్2_మూడోసారి
సార్ అడిగింది దేశం మలుపులు. మీరంతా తాతల మంచాలు, పెళ్ళిళ్ళు, వాసనలు రాస్తున్నారు. రేపు ఆ పిల్లాడికి పరీక్షలో "భారత చరిత్రలో ముఖ్య ఘట్టాలు" అని వస్తే మా తాత వేపచెట్టు అని రాస్తాడా? గవర్నమెంటు బడి పిల్లలకు ఉన్న ఒకే నిచ్చెన పరీక్ష. కార్పొరేటు బడిలో చదివేవాడికి ఈ తేదీలు కంఠతా వస్తాయి, మనవాడికి కథలు వస్తాయి. ఆ తరవాత పోటీలో ఎవడు గెలుస్తాడో నేను చెప్పక్కర్లేదు, మూడోసారి రాస్తున్నా.

పలమనేరు_టీచరమ్మ
గ్రూప్2 తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమయింది, నా కొడుకూ రాస్తున్నాడు. కానీ తేదీ పట్టుకుని వేలాడటానికి ఒక కొక్కెం కావాలి కదా. వాసన అడిగిన పిల్ల 1782 మరిచిపోలేదు.

చంద్రగిరి_సోషల్
తమ్ముడు చెప్పినదాన్ని నేను తీసిపారేయను. నా పిల్లల్లో సగం మంది నాన్నలు కొండకు జీపులు తోలేవాళ్ళు, లాడ్జీల్లో గదులు సర్దేవాళ్ళు. వాళ్ళకు మార్కులే ఆస్తి. పదో తరగతి చరిత్ర పుస్తకం తెరిస్తే మొదట ఫ్రెడెరిక్ సారియూ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1848లో వేసిన బొమ్మ. ఆ పేరు పలకడం నేర్పేసరికే పీరియడ్ అయిపోతుంది. జూన్‌లో యూరప్ జాతీయవాదం మొదలుపెట్టి ఇటలీ ఏకీకరణ అయ్యేలోపు బదిలీల కౌన్సెలింగ్ వచ్చి పడుతుంది. గారిబాల్డీ ఎర్రచొక్కాలు వేసుకుని సిసిలీలో దిగడం, నేను వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం ఒకే వారంలో జరిగాయి.

బెంగుళూరు_బస్సు
1991 గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా. ఆ ఏడాది జూలైలో దేశం దగ్గర డాలర్లు లేక 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టారు. ప్రధాని మన పీవీ, నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్ళాడు. జూలై 24న మన్మోహన్ బడ్జెట్. ఇదంతా నేను పెద్దయ్యాక చదివింది.

అదే వేసవిలో మా నాయన బోరు వేయించడానికి మా అమ్మ గాజులు చిత్తూరు బజారు వీధిలో తాకట్టు పెట్టాడు. నీళ్ళు పడలేదు. దేశం బంగారం వెనక్కి వచ్చింది, మా అమ్మది రాలేదు. కానీ ఆ బడ్జెట్ వల్లే వచ్చిన కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది, మొదటి జీతంతో గాజులు చేయించా. అమ్మ వేసుకోలేదు, బీరువాలో పెట్టింది. ఏమ్మా అంటే, "మళ్ళీ బోరు వేయాల్సి వస్తే?" అంది.

తోతాపురి
దీని మీద జోకు వేయను.

గంగమ్మ_వీధి
తిరుపతి నుంచి. మా పిల్లలను అడిగితే మలుపు అంటే 2020 మార్చి అంటారు. కొండ మీద దర్శనం ఆపేశారు అనగానే మా అవ్వ నమ్మలేదు. "గుడి మూస్తారా, గ్రహణమా?" అంది. లీలామహల్ సర్కిల్‌లో కుక్కలు పడుకున్నాయి. రెండున్నర నెలలు. మా ఆయనకు అలిపిరి దగ్గర పూల అంగడి ఉండేది, అప్పుడు కూరగాయలకు మారాడు, మళ్ళీ పూలకు రాలేదు. ఇది కూడా చరిత్రే కదా? కాదు అని గ్రూప్2 గారు అంటారేమో.

ఇంకో మాట, పాత చరిత్ర కావాలంటే పుస్తకమే ఎందుకు. మా గంగజాతరలో ఏటా మగవాళ్ళు బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం వేసి తిరుగుతారు. దుర్మార్గుడైన పాలెగాడు దాక్కుంటే వాడిని బయటికి రప్పించి చంపడానికి తల్లి వేసిన వేషాలు అని చెప్తారు. పాలెగాళ్ళంటే ఊరి జనానికి ఎంత కడుపుమంటో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

శిలాశాసనం
కడుపుమంటకు సాక్ష్యం అంటే ఒప్పుకుంటా, తేదీకి సాక్ష్యం అంటే ఒప్పుకోను.

హార్సిలీ_చలి
మదనపల్లెను అందరూ మరిచారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఇక్కడ బిసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు, మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. మే 31న ఆయన సర్ బిరుదు నాకొద్దని వైస్రాయికి ఉత్తరం రాశాడు. చలికాలం చివర మా ఊళ్ళో పాట నేర్పించిన మనిషి ఎండాకాలం ముగిసేలోపు ఆ ఉత్తరం రాశాడు. మీ జాబితాలో 1919 ఎలాగూ ఉంది, దానికి పక్కన మదనపల్లె అని చేర్చండి చాలు, ఖర్చు లేదు.

పాకాల_జంక్షన్
పెయింటరు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, ఖర్చు ఉంది.

అయివారు_రిటైర్డ్
1950 పక్కన తిరుచానూరు అని కూడా వేయించు నాయనా. అనంతశయనం అయ్యంగారు ఆ ఊరివాడే. ముందు లెక్కల అయివారు, తరవాత చిత్తూరులో వకీలు, రాజ్యాంగ సభలో సభ్యుడు, 1956లో లోక్‌సభ స్పీకరు. మన వృత్తివాడు కాబట్టి చెప్తున్నా. ఫోను ఆయన పేరును మూడుసార్లు తప్పు రాసింది, ఇది నాలుగోసారి.

సరిహద్దు_సత్యవేడు
1953 కూడా మన లెక్కలో మలుపే, కాకపోతే అందరూ పండగలా చెప్తారు. పొట్టి శ్రీరాములు 58 రోజులు పస్తుండి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక రాష్ట్రం వచ్చింది, నిజమే. కానీ మన జిల్లావాళ్ళకు కోర్టు, ఆస్పత్రి, చదువు, బట్టలు, సినిమా అన్నీ మద్రాసే. అక్టోబరు 1 నుంచి రాజధాని కర్నూలు, తరవాతి ఏడు హైకోర్టు గుంటూరు, 1956లో అన్నీ హైదరాబాదు. మా తాత కోర్టు వాయిదాకు మద్రాసుకు పోయి సాయంత్రానికి వచ్చేవాడు. ఆ కేసు హైదరాబాదు చేరేసరికి ఆయనే లేడు.

గంగమ్మ_వీధి
1954లో యూనివర్సిటీ వచ్చింది కదా తిరుపతికి. అన్నీ పోలేదు.

పలమనేరు_టీచరమ్మ
సోషల్ సార్, ఇంతమందిని అడిగారు కానీ మీ పిల్లలనే అడగలేదు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను అడిగి ఒక తేదీ తెమ్మనండి. ఆ కిటికీ పక్క కుర్రవాడికి కూడా పని దొరుకుతుంది.

చంద్రగిరి_సోషల్
పన్నెండు రోజులయింది, మధ్యలో ట్రైనింగు ఒకటి వచ్చింది. మేడమ్ చెప్పినట్టే చేశా. 38 మందిలో 21 మంది తెచ్చారు, మిగతావాళ్ళు "మా అవ్వకు ఏం గుర్తులేదంట సార్". కరణం, మునసబులను తీసేసిన 1984 ఐదుగురు తెచ్చారు. నేను ఊహించలేదు. "కరణం రాసిందే పొలం" అన్న రోజులు పోయాయి అని ఒక తాత చెప్పాడట. కొండకు ఘాట్ రోడ్డు వేసిన 1944 ఇద్దరు. దర్శనం ఆపిన 2020 ముగ్గురు, వాళ్ళు పెద్దవాళ్ళను అడగలేదు, వాళ్ళ సొంతదే రాసుకొచ్చారు. 1947 ఒకే ఒక్కడు, అదే కిటికీ పక్కవాడు.

వాడి ముత్తవ్వకు తొంభై దాటింది. వాడు అడిగితే చెప్పిందట: "సొతంత్రం వచ్చిన దినం మాకు వరన్నం దొరికింది. అంతకు ముందు కంట్రోలు. బియ్యం మూట బండిలో గడ్డి కింద దాచి తెచ్చేటోళ్ళం, పట్టుకుంటే గుంజుకునేటోళ్ళు. సొతంత్రం వచ్చినాక ఎవురూ అడగలా." క్లాసులో వాడు ఇది చదువుతుంటే చప్పుడు లేదు.

శిలాశాసనం
సార్, అది 1947 కాదు. స్వాతంత్ర్యం తరవాత కూడా బియ్యం కంట్రోలు, అంటే అమ్మకం, రవాణా మీద ప్రభుత్వ అదుపు, ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఎత్తేసింది 1952 జూన్‌లో, రాజాజీ ముఖ్యమంత్రి అయ్యాక. అవ్వ రెండు జ్ఞాపకాలను ఒకటి చేసుకుంది.

గ్రూప్2_మూడోసారి
చూశారా? అందుకే చెప్పా.

అయివారు_రిటైర్డ్
అవ్వ తప్పు చెప్పలేదు. మీరు అడిగింది స్వతంత్రం ఎప్పుడొచ్చింది అని, ఆమె చెప్పింది ఆమెకు ఎప్పుడొచ్చిందో.

శిలాశాసనం
అయివారూ, వినడానికి బాగుంది. కానీ తేదీ తప్పు తప్పే. ఐదేళ్ళు పస్తులున్నారు అనేది కూడా చరిత్రే, తేదీ కలిపేస్తే ఆ ఐదేళ్ళు మాయమైపోతాయి.

అయివారు_రిటైర్డ్
అది మాత్రం నిజమే. నాకు తట్టలేదు.

కోట_గైడు
గోడ ఏమైంది సార్? పెయింటరు మా వాడే, నిన్న టీ అంగడి దగ్గర గొణుగుతున్నాడు.

చంద్రగిరి_సోషల్
గోడ మీద పది గడులు గీయించి తొమ్మిదే నింపాం. హెడ్‌మాస్టరు గారితో అరగంట వాదన. వేలూరు 1806 పట్టుబట్టి పెట్టించా, 1885తో పాటు ఇంకో రెండు తీసేశా. 1919 పక్కన మదనపల్లె, 1950 పక్కన తిరుచానూరు చిన్న అక్షరాల్లో. 1639 రాశాం, మేడలో సంతకం అని రాయలేదు, గైడు గారు క్షమించాలి. పదో గడి నల్లరంగు వేయించా, పిల్లలు సుద్దముక్కతో వారానికొకటి రాస్తారు. పెయింటరు పదికీ డబ్బు తీసుకున్నాడు, నల్లరంగు ఎక్కువ పట్టింది అన్నాడు.

మొదటి వారం కిటికీ పక్కవాడిదే. 1952 అని రాయించా, కింద 'బియ్యం కంట్రోలు ఎత్తేశారు'. శిలాశాసనం చెప్పింది వాడికి వివరంగా చెప్పా. వాడు ఇంటికి పోయి అవ్వకు చెప్తే, "మీ సారు అప్పుడు పుట్టినాడా?" అందట.

ఇవాళ యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నా. ఒక మార్కు ప్రశ్న, భారతదేశానికి స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చింది. వాడు రాశాడు: '1947 ఆగస్టు 15. మా అవ్వకు 1952 జూన్.' ఎంత వేయాలి?

తోతాపురి
ఒకటిన్నర.

గ్రూప్2_మూడోసారి
ఒకటే. కీలో ఉన్నది రాశాడు, మిగతాది అదనం. అయినా సార్, 1952 జూన్‌లో ఏ తేదీ?

శిలాశాసనం
నోట్సు వెతికి చెప్తా. రేపు.